టికెట్ ఆపితే కొట్టు మూతపడదు



ఇంటర్నెట్ మీద ప్రభుత్వం వేసే అడ్డుకట్టల గురించి, ఆన్‌లైన్‌లో జరిగే హానిని ఆపే చట్టాల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. విషయం పెద్దదే. నేను చెప్పదలుచుకున్నది మాత్రం ఒక్కటే. సైటును బ్లాక్ చేయడం వేరు. హాని చేసినవాణ్ణి పట్టుకోవడం వేరు. మొదటిది ప్రభుత్వం చేతిలో పని. రెండోది మీ ఫిర్యాదుతో మొదలయ్యే పని.

ముందుగా, బ్లాక్ చేయడం అంటే అసలు ఏం జరుగుతుందో చూద్దాం.

మీ ఊరి మీదుగా వెళ్లే పల్లెవెలుగు బస్సును తలుచుకోండి. దారిలో ఒక స్టేజీ ఉంది. ఆ స్టేజీలో ఒక కొట్టు. అందులో కల్తీ సారా అమ్ముతున్నారు. జనం పాడైపోతున్నారు. పైనుంచి ఆర్డరు వచ్చింది. "ఆ స్టేజీకి ఎవరికీ టికెట్ కొట్టొద్దు" అని. ఆ రోజు నుంచి కండక్టరు టికెట్ ఇవ్వడు. బస్సు అక్కడ ఆగదు. అంతే జరిగింది. కొట్టు ఉన్నచోటే ఉంది. సారా కాసేవాడు కాస్తూనే ఉన్నాడు.

ఇంటర్నెట్‌లో ఆ కండక్టరు ఎవరంటే, మీకు నెట్ ఇచ్చే కంపెనీ. జియో కావచ్చు, ఎయిర్‌టెల్ కావచ్చు, బీఎస్‌ఎన్‌ఎల్ కావచ్చు, మీ వీధిలో కేబుల్ నెట్ ఇచ్చే అబ్బాయి కావచ్చు. ఫలానా సైటుకు ఎవరినీ పంపొద్దని ప్రభుత్వం చెబుతుంది. కంపెనీ పంపదు. మీ ఫోన్లో ఖాళీ పేజీ వస్తుంది, లేదా ప్రభుత్వ ఆదేశం మేరకు ఆపేశామన్న నాలుగు ముక్కలు కనిపిస్తాయి. ఆ సైటు మాత్రం ఏదో ఒక దేశంలో, ఏదో ఒక కంప్యూటరులో భద్రంగా ఉంది. దాన్ని నడిపేవాడు ఇంకా నడుపుతూనే ఉన్నాడు.

తర్వాత ఏమవుతుందో మీరే ఊహించగలరు. బస్సు ఆగకపోతే షేర్ ఆటో ఎక్కేవాళ్లుంటారు. ఇంటర్నెట్‌లో ఆ షేర్ ఆటో పేరు వీపీఎన్. ఇంకొకటి, కొట్టువాడే పక్క స్టేజీకి మారిపోతాడు. బోర్డు మీద పేరు మారుస్తాడు. సరుకు మాత్రం అదే. మన తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. ఐబొమ్మ అనే పైరసీ సైటును ఎన్నిసార్లు బ్లాక్ చేశారో, అది ఎన్ని కొత్త చిరునామాలతో వచ్చిందో సినిమా చూసే ప్రతి ఇంటికీ తెలుసు. 2025 నవంబరులో దాన్ని నడుపుతున్నాడన్న ఆరోపణ మీద హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. కథ మలుపు తిరిగింది అప్పుడే. ఏళ్ల తరబడి పేర్లను మూసేస్తే జరగనిది, మనిషి దగ్గరికి వెళ్తే జరిగింది.

స్టేజీ ఆపేస్తే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇది అందరికీ తట్టదు. ఆ స్టేజీలో సారా కొట్టు ఒక్కటే ఉండదు కదా. బడి ఉంటుంది. ఆరోగ్య ఉపకేంద్రం ఉంటుంది. స్టేజీ ఎత్తేస్తే వాటికి వెళ్లేవాళ్లూ ఆగిపోతారు. ఇప్పటి వెబ్‌సైట్లు చాలావరకు రహస్య భాషలో నడుస్తాయి. మీరు ఏ సైటుకు వెళ్తున్నారో నెట్ కంపెనీకి తెలుస్తుంది. ఆ సైటులో ఏ పేజీ చూస్తున్నారో తెలియదు. అందుకని ఒక చెడ్డ పేజీని ఆపాలంటే మొత్తం సైటునే ఆపాల్సి వస్తుంది.

2014 డిసెంబరులో మన దేశంలో 32 సైట్లను ఆపారు. ఐసిస్ ఉగ్రవాదుల రాతలు వాటిలో కనిపించాయన్నది కారణం. ఆ 32లో గిట్‌హబ్ ఒకటి. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలకు అది రోజూ పట్టుకునే పనిముట్టు. ఇంటర్నెట్ ఆర్కైవ్ ఇంకొకటి. పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కాన్ చేసి పెట్టిన చోటు అది. బజారులో దొరకని పుస్తకం కోసం పరిశోధన చేసే పిల్లలు, రిటైరైన మాస్టార్లు వెతుక్కునే చోటు. 2017 ఆగస్టులో అదే ఇంటర్నెట్ ఆర్కైవ్ మళ్లీ ఆగిపోయింది. ఈసారి రెండు హిందీ సినిమాల పైరసీ ఆపమని మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో దాని పేరు కూడా చేరింది. రెండు సినిమాల కోసం ఒక గ్రంథాలయానికి తాళం పడింది. నాకు ఇది చాలా బాధ కలిగించిన సంగతి.

ఇంతకీ ఈ బ్లాక్ చేసే అధికారం ఎక్కడిది? 2000 నాటి ఐటీ చట్టంలో 69ఏ అనే సెక్షన్ ఉంది. 2008 సవరణతో అది వచ్చింది. ఏ కారణాలతో బ్లాక్ చేయొచ్చో అందులోనే రాశారు. దేశ సార్వభౌమత్వం, సమగ్రత. దేశ రక్షణ, భద్రత. విదేశాలతో స్నేహసంబంధాలు. శాంతిభద్రతలు. వీటికి సంబంధించిన నేరాలకు జనాన్ని రెచ్చగొట్టకుండా ఆపడం. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను ఆపింది ఈ సెక్షన్ కిందనే.

ఆ కారణాలన్నీ దేశానికి సంబంధించినవే. గమనించారా? ఒక్క అమ్మాయికి జరిగిన అవమానం ఆ జాబితాలో లేదు. ఒక్క రైతు ఖాతాలోంచి పోయిన డబ్బు అందులో లేదు. కాబట్టి బ్లాక్ చేసే చట్టం మీ కోసం రాసింది కాదు. మీ కోసం రాసిన చట్టాలు వేరే ఉన్నాయి. వాటి దగ్గరికి కాసేపట్లో వస్తాను.

69ఏ గురించి ఇంకొక్క మాట. సైటు పెట్టినవాళ్లెవరో తెలిస్తే వాళ్లకు నోటీసు ఇవ్వాలనీ, జవాబు చెప్పుకోవడానికి కనీసం 48 గంటలు గడువు ఇవ్వాలనీ 2009 నాటి నియమాల్లో ఉంది. అత్యవసరమైతే ముందే ఆపేసే వీలూ ఉంది. అయితే అదే నియమాల్లో, ఫిర్యాదులూ వాటి మీద తీసుకున్న చర్యలూ రహస్యంగా ఉంచాలని కూడా రాశారు. ఏది ఆపారో, ఎందుకు ఆపారో పౌరుడికి చెప్పరు. ఇది మారాలి అంటాను నేను. ఉగ్రవాదుల సైటు ఆపితే ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆపిన కారణం కాగితం మీద జనానికి కనిపించాలి. కనిపిస్తే పొరపాటు జరిగినప్పుడు ఎవరో ఒకరు చెప్పగలుగుతారు. దిద్దుకోవచ్చు.

ఇప్పుడు మన ఇళ్లదాకా వచ్చిన హాని ఒకటి చెబుతాను. లోన్ యాప్‌లు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. పనులు పోయాయి. ఆధార్ ఫొటో ఒకటి, సెల్ఫీ ఒకటి పెడితే ఐదు నిమిషాల్లో ఐదు వేలు అప్పు అన్నాయి కొన్ని యాప్‌లు. జనం తీసుకున్నారు. చేతికి వచ్చేసరికి ఐదు వేలు లేవు. ఫీజులంటూ ముందే కోత కోశారు. తీర్చడానికి గడువు వారం రోజులే. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. యాప్ వేసుకున్నప్పుడే ఫోన్లో ఉన్న నంబర్లు, ఫొటోలు మొత్తం వాళ్ల చేతికి వెళ్లాయి. వాయిదా ఒక్కరోజు దాటగానే బావగారికి ఫోన్. మేనమామకు ఫోన్. ఆఫీసులో పైఅధికారికి ఫోన్. ఫొటోను మార్ఫింగ్ చేసి చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. దొంగ అని రాసి పంపారు. ఆ అవమానం భరించలేక 2020 చివర్లో తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు.

అప్పుడు పోలీసులను కదిలించింది ఏమిటి? బాధితుల ఫిర్యాదులు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఆ ఫిర్యాదుల తీగ లాగారు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లోనూ, ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లోనూ కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. బూతులు తిట్టే ఫోన్లు అక్కడినుంచే వచ్చేవి. కొందరు అరెస్టయ్యారు. 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక కమిటీ వేసింది. 2022 సెప్టెంబరులో నియమాలు తెచ్చింది. అప్పు నేరుగా తీసుకున్నవాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడాలి. యాప్ మీ ఫోన్లోని నంబర్లనూ, ఫొటోలనూ, కాల్ వివరాలనూ తాకకూడదు.

2023 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 94 లోన్ యాప్‌లనూ, 138 బెట్టింగ్ యాప్‌లనూ బ్లాక్ చేయమంది. మంచి ఉద్దేశంతోనే చేసింది. కానీ చట్టప్రకారం నడుస్తున్న సంస్థల యాప్‌లు కూడా కొన్ని ఆ జాబితాలో పడ్డాయి. వాటిని తర్వాత మళ్లీ విడిచిపెట్టాల్సి వచ్చింది. అసలు దొంగ యాప్‌లేమో పేరు మార్చుకుని మళ్లీ వచ్చాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మనుషుల్ని పట్టుకున్న చర్య, నంబర్లు తాకొద్దన్న నియమం, ఇవి నిలిచాయి. పేర్లను ఆపిన చర్య కొన్నాళ్లే పనిచేసింది.

మరో దేశం అనుభవం కూడా చెబుతాను. మన తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడిన దేశమే. ఆస్ట్రేలియా. అక్కడి ప్రభుత్వం 2007 నుంచి ఒక పథకం మీద పట్టుబట్టి కూర్చుంది. దేశంలోకి వచ్చే ఇంటర్నెట్ మొత్తానికి జల్లెడ పెట్టాలని. ఒక రహస్య జాబితా ఉంటుంది. అందులో ఉన్న సైటు ఏ ఇంట్లోనూ తెరుచుకోదు. పిల్లల రక్షణ కోసం అన్నారు. 2009లో అక్కడి నియంత్రణ సంస్థదని చెప్పిన ఒక జాబితా, రహస్య పత్రాలను బయటపెట్టే వికీలీక్స్ అనే సైటు ద్వారా బయటపడింది. చూస్తే అందులో క్వీన్స్‌లాండ్‌లో పళ్ల డాక్టరు ఒకాయన వెబ్‌సైటు ఉంది. జాబితా రహస్యం కాబట్టి, తన పేరు అందులో ఉందని పాపం ఆయనకు తెలిసే దారి లేదు. చివరికి 2012 నవంబరులో ఆ జల్లెడ పథకాన్ని ప్రభుత్వమే వదులుకుంది.

వదులుకుని ఊరుకోలేదు. 2015లో పిల్లల ఆన్‌లైన్ భద్రత కోసం ఒక కమిషనర్ కార్యాలయం పెట్టింది. ఒక పిల్లను ఇన్‌స్టాగ్రామ్‌లో ఏడిపిస్తున్నారు అనుకోండి. కంపెనీకి చెప్పినా తీయలేదు. అప్పుడు ఆ కమిషనర్‌కు రాయొచ్చు. 2021 చట్టం వచ్చాక పెద్దవాళ్ల ఫిర్యాదులూ తీసుకుంటున్నారు. తీసేయమని కమిషనర్ ఆదేశిస్తే సాధారణంగా 24 గంటల్లో తీసేయాలి. జల్లెడ నుంచి ఫిర్యాదు దాకా వాళ్లు చేసిన ప్రయాణం సరైన దిశలో సాగిందని నా అభిప్రాయం. 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం కూడా అక్కడ అమల్లోకి వచ్చింది. దాని ఫలితం తేలడానికి ఇంకా సమయం పడుతుంది.

చట్టం ఉంటే చాలదు, అందులో మాటలు స్పష్టంగా ఉండాలి. దీనికి మన దేశంలోనే ఒక పెద్ద పాఠం ఉంది. ఐటీ చట్టంలో 66ఏ అనే సెక్షన్ ఉండేది. ఎవరికైనా చిరాకు కలిగించేది, అసౌకర్యం కలిగించేది ఆన్‌లైన్‌లో పంపితే మూడేళ్ల దాకా జైలు. చిరాకు అంటే ఎంత? ఎవరికి? చట్టం చెప్పలేదు. 2012లో శివసేన నేత బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి మూతపడింది. దాని గురించి ఫేస్‌బుక్‌లో ఒక అమ్మాయి నాలుగు మాటలు రాసింది. ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దర్నీ అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే న్యాయశాస్త్ర విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్ ఆ సెక్షన్‌ను కొట్టేశారు. చలమేశ్వర్ గారు మన కృష్ణా జిల్లావారే. అభిప్రాయం చెప్పడం, దాని కోసం వాదించడం నేరం కాదు, జనాన్ని నేరానికి ఉసిగొల్పితేనే చట్టం అడ్డుపడాలి అన్నది ఆ తీర్పు సారం. 69ఏను మాత్రం ఆ తీర్పే నిలబెట్టింది.

కొట్టేసిన తర్వాత కూడా 66ఏ కింద పోలీసులు కేసులు పెడుతూ వచ్చారు. ఏళ్ల తరబడి. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది, ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించకూడదని. ఎవరైనా మీ మీద 66ఏ అంటే, ఆ సెక్షన్ ఇప్పుడు లేదని ధైర్యంగా చెప్పండి.

సరే. ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. మీకు నిజంగా పనికొచ్చేది ఇదే.

ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఎవడో ఆమె ఫొటో తీసుకుని అసభ్యంగా మార్చాడు. దొంగ ఖాతా తెరిచి పెట్టాడు. డబ్బు పంపకపోతే ఊరంతా పంపుతానంటున్నాడు. ఆ ఇంట్లో మామూలుగా ఏం జరుగుతుంది? నాన్న ఫోన్ లాక్కుంటాడు. అమ్మ తల పట్టుకుంటుంది. అన్న ఆవేశంలో యాప్ తీసేస్తాడు, చాటింగ్ అంతా చెరిపేస్తాడు. పరువు పోతుందని నోరు నొక్కుకుంటారు. అవతలివాడికి కావలసింది సరిగ్గా అదే. సాక్ష్యం పోయింది. ఫిర్యాదు రాలేదు. వాడు ఇంకో ఇంటిమీద పడతాడు.

కాబట్టి మొట్టమొదటి పని, దేన్నీ చెరపొద్దు. స్క్రీన్‌షాట్లు తీయండి. ఖాతా పేరు కనబడాలి. తేదీ, టైమ్ కనబడాలి. ఆ పేజీ లింకును కాపీ చేసి దాచండి. వాడు అడిగిన యూపీఐ నంబరు ఉంటే రాసి పెట్టుకోండి. డబ్బు మాత్రం పంపొద్దు. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతాడు. ఇంకో జాగ్రత్త. ఆ ఫొటోను సాక్ష్యం పేరుతో చుట్టాలకూ స్నేహితులకూ పంపకండి. పిల్లల అసభ్య చిత్రాలను ఎవరికి పంపినా నేరమే. సాయం చేద్దామనుకున్న చేతులు కూడా కేసులో ఇరుక్కుంటాయి.

రెండో పని, ఆ కంపెనీకి ఫిర్యాదు చేయండి. ఫేస్‌బుక్ అయినా, ఇన్‌స్టాగ్రామ్ అయినా, యూట్యూబ్ అయినా, మన దేశంలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నియమాలు అలా చెబుతున్నాయి. ఒళ్లు కనిపించే ఫొటో గానీ, మార్ఫింగ్ చేసిన ఫొటో గానీ పెట్టారని బాధితురాలు ఫిర్యాదు చేస్తే, తీసేయడానికి ఆ నియమాల్లో మొదట 24 గంటల గడువు పెట్టారు, 2026 ఫిబ్రవరిలో దాన్ని 2 గంటలకు తగ్గించారు. మళ్లీ చెబుతాను. 2 గంటలు. బాధితురాలే రాయనక్కర్లేదు. ఆమె తరఫున మీరు రాయొచ్చు. రాసిన ఫిర్యాదు నంబరు దాచుకోండి. కంపెనీ పట్టించుకోకపోతే, కేంద్ర ప్రభుత్వం వేసిన అప్పీలు కమిటీలు ఉన్నాయి. 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు.

ఫొటో ఇంకా బయటికి రాలేదు, బెదిరింపు మాత్రమే ఉందనుకోండి. దానికీ దారి ఉంది. పెద్దవాళ్లకు స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైటు. 18 ఏళ్లలోపు తీసిన ఫొటోలైతే టేక్ ఇట్ డౌన్ అనే సైటు. రెండూ ఉచితమే. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు. దాని నుంచి ఒక గుర్తు సంఖ్య తయారవుతుంది. ఆ సంఖ్య మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీలకు చేరుతుంది. అదే ఫొటోను ఎవరైనా అక్కడ పెట్టబోతే గుర్తుపట్టి ఆపగలుగుతారు. అన్నిచోట్లా ఆగుతుందని చెప్పలేను గానీ, పెద్ద కంపెనీల దగ్గర పనిచేస్తుంది.

మూడో పని, పోలీసులకు చెప్పండి. నంబరు 1930. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. డబ్బు పోయినప్పుడైతే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకండి. వెంటనే ఫోన్ చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకుండా బ్యాంకులో నిలిపే వీలుంటుంది. వెబ్‌సైటు కావాలంటే, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. స్త్రీలకూ పిల్లలకూ సంబంధించిన ఫిర్యాదైతే అక్కడ మీ పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు. నేరుగా స్టేషన్‌కు వెళ్తారా, ఏ స్టేషన్‌కైనా వెళ్లండి. మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనే ఉంది.

ఇక శిక్షల సంగతి. అనుమతి లేకుండా ఒకరి రహస్యాంగాల చిత్రం తీసినా, పెట్టినా మూడేళ్ల దాకా జైలు. లైంగిక చర్య ఉన్న వీడియోలు ఆన్‌లైన్‌లో పెడితే మొదటిసారే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. పిల్లలవైనా అంతే. ఈ సెక్షన్లలో చిరాకు, అసౌకర్యం లాంటి జారుడు మాటలు లేవు. ఏది నేరమో తేటగా ఉంది. చట్టం ఇలా ఉండాలి.

ఈ మాటలు వింటున్నవాళ్లలో ఇప్పటికే బెదిరింపుల్లో చిక్కుకున్నవాళ్లు ఉంటే, మనసు మరీ కుంగిపోతుంటే, 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు. డబ్బు తీసుకోరు. తెలుగులో మాట్లాడతారు. తప్పు చేసింది అవతలివాడు. మీరు కాదు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఈ రాత్రే మీ పిల్లల ఫోన్లో 1930 సేవ్ చేసి పెట్టండి. పెట్టేటప్పుడు ఈ మాట కూడా చెప్పండి. "ఏం జరిగినా ముందు నాకు చెప్పు తల్లీ, నిన్ను తిట్టను, ఫోన్ లాక్కోను" అని. చెప్పిన మాట మీద నిలబడండి.